ఇద్దరు తల్లుల మధ్య ఒక గొంతు

సురభి కమలాబాయి పేరు ఎత్తగానే మనవాళ్ళు చెప్పే మాట ఒక్కటే: తొలి తెలుగు టాకీ కథానాయిక. ఆ మాట నిజమే. 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమా హాల్లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆమే. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలా ఏళ్ళు నమ్ముతూ వచ్చాం. సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, 1932 జనవరి 22న గాని దానికి సెన్సారు కాలేదని రుజువు చేశాక తారీఖు తేలింది. తారీఖు కోసం అంత శోధన జరగడం మంచిదే. కానీ ఆ తారీఖున తెర మీద పలికిన గొంతు ఎలాంటిది, ఎక్కణ్ణుంచి వచ్చింది, తరవాత ఏమైంది అని తీరిగ్గా కూర్చుని రాసినవాళ్ళు తక్కువ. తొలి నాయిక అన్నాక ఇంకేం చెప్పాలి అన్నట్టు అక్కడితో ఆగిపోతాం. నా మట్టుకు నాకు ఆమె గొప్పతనం ఆ తొలి తారీఖున లేదు. అక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళ పాటు తన గొంతును తానే మలుచుకుంటూ వచ్చిన తీరులో ఉంది. మైదానం చివర చాప మీద కూర్చున్న మనిషి దాకా పోవడానికి పెంచిన గొంతు అది. దాన్ని గుడిసెలో కొడుకు పక్కన కూర్చుని మాట్లాడే గొంతుగా మార్చుకుంది. తెలుగు తెర మాట నేర్చిన చరిత్ర మొత్తం ఆ ఒక్క కంఠంలో జరిగిందంటే నేను ఎక్కువ చెప్పినట్టు కాదు.

టాకీకి ముందు మన సినిమాకి నోరు లేదు. రఘుపతి వెంకయ్య కొడుకు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినప్పుడు గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే నటి. పేరు చూస్తేనే తెలుస్తుంది, తెలుగింటి ఆడపడుచు కాదని. భీష్ముణ్ణి కన్న తల్లి తెలుగులో పలకాల్సిన పని లేదు కనుక అది చెల్లింది. ఆ రోజుల్లో సినిమాల్లో వేషం వెయ్యడానికి మన ఇళ్ళ ఆడవాళ్ళు ముందుకు రాలేదు, వచ్చినా రానిచ్చేవాళ్ళు లేరు. భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పాడు కదా, మూకీ చిత్రం అందులో వాచికాన్ని వదిలేసి మిగతా మూడింటితో బండి లాగింది. తెర మీద పెదవులు కదిలేవి. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. తెర మీద వచ్చే కార్డులో అక్షరం చదవడం రాని జనానికి ఆయనే రాముడు, ఆయనే సీత, ఆయనే రావణుడు. అంటే మూకీ కాలంలో కూడా జనం విన్నారు. తెర మీది ఆడమనిషి గొంతు మాత్రం వినలేదు.

ఆ గొంతు సంగతి మా ప్రాంతం వైపు నుంచి చెబుతాను. ఆ రోజుల్లో మా పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. జిల్లా పేరు మారినా మా ఉద్దానం ప్రాంతం చెవి మారలేదు. ఇక్కడి చెవికి ఆడమనిషి మాటకీ ఆడవేషం మాటకీ తేడా బాగా తెలుసు. తూర్పు భాగోతంలో సత్యభామ జడ పట్టుకుని తెర వెనక నుంచి వచ్చేది మగవాడే. మద్దెల మోతకి సరిపడా గొంతు పెట్టి పొగరూ విరహమూ పాడతాడు. అది ఎంత గొప్ప విద్య! తెల్లారేదాకా కళ్ళార్పకుండా చూసిన జనం ఆయన్ని భామే అనుకున్నారు. కానీ అది ఆడతనాన్ని చూసి, గమనించి, నేర్చి, మగ కంఠం కట్టిన పాట. ఇంకోవైపు ఊడుపు చేలో, నూతి దగ్గర, చావింట్లో, జముకుల కథ వినే అరుగు కింద ఆడవాళ్ళ అసలు గొంతులు ఉండనే ఉన్నాయి. అవి వేదిక ఎక్కలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోకి సురభి ఆడవాళ్ళు వచ్చారు.

సురభి అంటే ముందు ఒక ఊరు. కడప జిల్లాలో ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించడంతో మొదలైన నాటక కుటుంబాలు తరవాత తెలుగునేలంతా తిరిగాయి. మరాఠా మూలం ఉన్న కుటుంబాలు, తెలుగులో పండిపోయిన కుటుంబాలు. పెళ్ళాం, పిల్లలు, అత్త, కోడలు, అందరూ వేషాలు వేసేవాళ్ళే. ఆడవేషం ఆడదే వెయ్యాలి అన్నది వాళ్ళకి సిద్ధాంతం కూడా కాదు, ఇంటి పద్ధతి. మిగతా సమాజాలు మీసాలు గీయించి మగవాళ్ళకి చీరలు కడుతున్న కాలంలో సురభి రంగస్థలం మీద ద్రౌపది ద్రౌపదిలాగే పలికింది. డేరా వేసిన ఊళ్ళో నెలల తరబడి ఉండేవాళ్ళు. రాత్రికో నాటకం. ఆకాశం నుంచి నారదుడు దిగడం, మంటలు లేవడం, వాన కురవడం, ఇవన్నీ తాళ్ళతో, తెరలతో, దీపాలతో కళ్ళ ముందు చేసేవాళ్ళు. సినిమా రాకముందే ఆ డేరాలో సగం సినిమా ఉంది.

కమలాబాయి పుట్టుక గురించి సురభి వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. తల్లి దమయంతి వేషంలో ఆడుతూండగా నొప్పులు వచ్చాయట. ఆమె బాధ పడుతుంటే అది కూడా నటనే అనుకుని జనం మెచ్చుకుంటూ చూశారట. తెర దించారు. తెర వెనక పిల్ల పుట్టింది. సంగతి తెలిసి జనం డబ్బులూ నగలూ వేదిక మీదికి విసిరారని చెబుతారు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. లీలావతి గర్భంలో ఉండి నారదుడి మాటలు విన్న పిల్లవాడు. అడవిలో వల వల ఏడ్చిన దమయంతి పద్యాలు ఈ పిల్ల కడుపులో ఉండే విని ఉండాలి. ఊపిరి ఎక్కడ పట్టాలి, రాగం ఎక్కడ దించాలి, పాదం చివర జనం చప్పట్లకి ఎంత సేపు ఆగాలి అన్న లెక్క ఆమెకి పాఠంగా రాలేదు. నెత్తురుతో వచ్చింది. మాట రాగానే కృష్ణుడు, లవుడు, ప్రహ్లాదుడు. కొంచెం ఎదిగాక మగ వేషాలు కూడా. ఆడది మగ గొంతు నేర్చి, మళ్ళీ ఆడ గొంతులోకి వచ్చింది. మా భాగోతం సత్యభామ నడిచిన దారిలోనే ఎదురు నుంచి నడిచింది. తన గొంతు హద్దులు ఏమిటో అటూ ఇటూ దాటి చూసినవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

అలా చిన్నప్పుడు ప్రహ్లాదుడు ఆడిన పిల్ల, పాతికేళ్ళు నిండీ నిండని వయసులో, బొంబాయిలో మైకు ముందు ప్రహ్లాదుడి తల్లి అయింది. ఈ ఒక్క విషయం దగ్గర నేను ఎంతసేపైనా ఆగగలను. ఆమె ఆ కథని కొడుకు వైపు నుంచి ఎరుగును. విషం తాగించినప్పుడు, ఏనుగుల కాళ్ళ కింద వేసినప్పుడు పిల్లవాడు ఏ పద్యం పాడతాడో ఆమెకి కంఠతా వచ్చు. ఇప్పుడు అదే పద్యం వేరే పిల్లవాడు, సింధూరి కృష్ణారావు, పాడుతుంటే విని తల్లడిల్లాలి. లీలావతి పాత్ర ఎంత కష్టమో ఆలోచించండి. మొగుడు లోకాలన్నీ ఏలే హిరణ్యకశిపుడు. కొడుకు మొగుడి శత్రువుని తలుచుకునే పసివాడు. ఇద్దరి మధ్యా ఆమెకి చెయ్యడానికి పని లేదు, తల్లడిల్లడమే. అడ్డుపడలేదు, వదలలేదు. వీరం లేదు, శృంగారం లేదు. ఉన్నదంతా వాత్సల్యం, దాని కిందే భయం. నటికి ఇంతకన్నా ఇరుకైన చోటు ఇంకొకటి లేదు.

చాందాల కేశవదాసు రాసిన పాటల్లో ఆమె వాటాకి వచ్చినవి ఆమే పాడింది. వేరేవాళ్ళు పాడితే పెదవులు కదిపే పద్ధతి తెలుగు సినిమాకి అలవాటు కావడానికి ఇంకా చాలా కాలం ఉంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. నిర్మాణం వెనక ఉన్నది ‘ఆలం ఆరా’తో 1931 మార్చి 14న దేశానికి తొలి టాకీ చూపించిన అర్దేషిర్ ఇరానీ. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. చండామార్కుల దగ్గర చదువు ఎక్కని మొద్దబ్బాయి వేషంలో ఎల్.వి. ప్రసాద్ ఉన్నాడు. హిందీ, తమిళం, తెలుగు, మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి ఆయన. సినిమా నిడివి 9,762 అడుగులు. ఇరవై రోజులకి అటూ ఇటూగా తీసేశారని అంటారు. తియ్యగలిగారంటే కారణం ఒకటే. నాటకం వాళ్ళ నోట్లో అప్పటికే ఉంది.

ఆ తొలి మైకు గురించి కొంచెం చెప్పాలి. అది ఏది మంచిదో ఏది చెడ్డదో ఎరగదు. పక్కనున్న కుర్చీ కిర్రుమన్నా, వాద్యగాడు దగ్గినా, గది బయట రైలు కూసినా అన్నిటినీ పట్టేది. ‘ఆలం ఆరా’ని రైళ్ళ చప్పుడు తప్పించుకోవడానికి రాత్రిళ్ళు తీశారు. మైకుల్ని తెర మీద కనపడకుండా దాచిపెట్టారు. నటులు ఆ దాచిన మైకుకి దూరం జరగకూడదు. హార్మోనియం, తబలా కెమెరాకి కనపడకుండా పక్కన ఉంటే, పాటా మాటా అక్కడికక్కడే ఒకే ఊపులో పట్టాలి. రంగస్థలం మీద మూడు వందల చదరపు గజాల చీకటిని నింపడానికి పెరిగిన గొంతుని ఇప్పుడు రెండు అడుగుల దూరంలో కూర్చున్న ఒక ఇనప చెవికి వినిపించాలి. పూర్తిగా వదిలితే శబ్దం చిట్లుతుంది. బిగపడితే పద్యం చస్తుంది. ఈ చిక్కు అప్పటికి ఎవరికీ పాఠంగా లేదు. ఆమె ముందు నడిచిన తెలుగు నటి లేదు, అడిగి తెలుసుకోవడానికి.

అదే కాలంలో మూకీ రాణుల పరిస్థితి చూస్తే కమలాబాయి ఎదుర్కొన్నది ఇంకా బాగా తెలుస్తుంది. ఇరానీ ఇంపీరియల్ కంపెనీలోనే వెలిగిన సులోచన, అసలు పేరు రూబీ మైయర్స్, మూకీల్లో దేశంలోనే పెద్ద తార. టాకీ రాగానే ఆమెకి చిక్కు వచ్చింది. తెర మీద ప్రతి ముఖకవళికా నడిపిన మనిషికి హిందుస్తానీ సరిగా రాదు. కూర్చుని భాష నేర్చుకుని 1932లో ‘మాధురి’తో మళ్ళీ వచ్చింది. ఆ పట్టుదలకి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. తమిళానికి వస్తే, టి.పి. రాజలక్ష్మి రంగస్థలం మీదా మూకీల్లోనూ పేరు తెచ్చుకుని 1931 అక్టోబరు 31న వచ్చిన ‘కాళిదాస్’తో టాకీలోకి దాటింది. ఆ సినిమాలో ఆమె తమిళం మాట్లాడితే ఎదుట ఉన్న నాయకుడు తెలుగు మాట్లాడాడు. హెచ్.ఎం. రెడ్డిదే ఆ సినిమా కూడా. సులోచన మౌనం నుంచి మాటలోకి రావలసి వచ్చింది. రాజలక్ష్మి రెండూ తెలిసి వచ్చింది. కమలాబాయి మాట నుంచి వచ్చింది. ఆమెకి కొరవడినది మౌనం. అది నేర్చుకోవడానికే ఆమె జీవితం పట్టింది. రంగస్థలం మీద మాట లేని క్షణం తప్పు. జనం చెదిరిపోతారు. తెర మీద మాట లేని క్షణమే చాలాసార్లు ముఖ్యం. పాడే గొంతు కన్నా ఆగే గొంతు కష్టమని ఆమెకి ఎప్పుడు తోచిందో గాని, తోచిన గుర్తులు మాత్రం తరవాతి ఏళ్ళలో కనిపిస్తాయి.

‘భక్త ప్రహ్లాద’ ఇవాళ మనకి చూడ్డానికి లేదు. కొన్ని స్టిల్ ఫొటోలు మిగిలాయి, అంతే. ఆ రోజుల ఫిల్ము తొందరగా అంటుకునే రకం. మంట పడకపోయినా డబ్బాలోనే పొడిగా రాలిపోయేది. కనక లీలావతిని గురించి రాసే ఏ రసికుడైనా ఊహ మీద బతకాలి. నేను ఆ ఊహ మీదే బతుకుతున్నాను. ఆ ఫొటోల్లో ఆమె నిలబడిన తీరు రంగస్థలం వాళ్ళది. కాళ్ళు నేలని గట్టిగా పట్టుకుని, భుజాలు జనం వైపు తెరిచి. కళ్ళు మాత్రం అలా లేవు. అవి ఎక్కడో దగ్గరున్న దేన్నో చూస్తున్నాయి. ఇది నా ఊహే కావచ్చు. కానీ నటి శరీరం పాత ఇంట్లో ఉండగా కళ్ళు కొత్త ఇంట్లోకి ముందు చేరుకుంటాయని నాకు నమ్మకం.

ఆ ఒక్క ఏడాది, 1932లోనే, ఆమె మరో రెండు తెలుగు టాకీల్లో నాయిక అయింది. రెండూ సాగర్ కంపెనీ వాళ్ళవి, దర్శకుడు కన్నడిగుడైన సర్వోత్తమ బాదామి. ‘పాదుకా పట్టాభిషేకం’లో అద్దంకి శ్రీరామమూర్తి రాముడైతే ఆమె సీత. ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడైతే ఆమె శకుంతల. అద్దంకి, యడవల్లి అంటే ఆనాటి తెలుగు నాటకానికి సింహాలు. పద్యం ఎత్తితే ఊరంతా వినిపించే గొంతులు. వాళ్ళ ఎదుట నిలిచి పాడగలగడం వేరు, వాళ్ళ రాగం ఆగేదాకా ముఖంలో కథ నడపడం వేరు. శకుంతల దుర్వాసుడి శాపానికి ముందు పలికే మాటలు తక్కువ, తలపోతలే ఎక్కువ. సీత అయితే అడవికి బయల్దేరేటప్పుడు తప్ప గొంతెత్తదు. సంవత్సరంలో మూడు పాత్రలు, మూడూ మొగుడి మాట మీదా రాజ్యం మీదా నలిగిపోయిన ఆడవాళ్ళు. ముగ్గురికీ ఒకే గొంతు చాలదు. ఒకే నటి మూడు గొంతులు వెతుక్కోవలసి వచ్చింది.

తరవాత ఆమె బొంబాయిలోనే ఉండిపోయింది. పదేళ్ళ దాకా అక్కడే, పాతిక దాకా హిందీ చిత్రాలు చేసిందంటారు. ఆ కాలం గురించి నేను పెద్దగా రాయను. అవి మన చేతికి అందేలా లేవు, తెలుగు గొంతు గురించి చెప్పుకుంటూ హిందీ సినిమాల పట్టిక పెట్టడమూ నాకు ఇష్టం లేదు. ఆమె తిరిగి వచ్చేసరికి తెలుగు సినిమా వేరే ఊరు. బొంబాయి, కలకత్తా స్టూడియోల వెంట తిరిగే రోజులు పోయాయి. 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ లేచింది, తరవాత మద్రాసు స్టూడియోలు నిండాయి. కన్నాంబ గొంతు, కాంచనమాల అందం, భానుమతి పాట, అన్నీ వచ్చేశాయి. నాయికలకి వేరేవాళ్ళు పాడే పద్ధతి స్థిరపడసాగింది. పద్యం పాడితేనే తెర మీద నిలబడే కాలం గడిచిపోయింది. ఆమెకి తల్లి వేషాలు వచ్చాయి.

ఇక్కడికి నేను ఎందుకు వస్తున్నానో చెప్పాలి. వజ్రపుకొత్తూరు వైపు ఒక తీరపు ఊళ్ళో అమ్మవారి సంబరంలో ‘పాతాళభైరవి’ వేశారు. రెండు కొబ్బరి చెట్లకి తెల్ల గుడ్డ కట్టి, జీడితోట పక్క ఖాళీలో. సముద్రం గాలికి గుడ్డ ఒకసారి నిండేది, ఒకసారి వెనక్కి పోయేది. గాలి వచ్చినప్పుడు తోటరాముడు లావెక్కేవాడు, పోయినప్పుడు సన్నబడేవాడు. ఎవరూ నవ్వలేదు. నేల మీద ముందు వరసలో ఒక ముసలామె కూర్చుంది. పలాస జీడి ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పప్పు తీసిన చేతులవి. వేళ్ళ కొనలు జీడి పాలకి నల్లబడి ఇంక తెల్లబడలేదు. రాముడు తల్లి మాట దాటేసి వెళ్ళే చోట ఆమె తెర వైపు వంగి, “ఒరే, మీయమ్మ సెప్తుంటే ఇనవేట్రా” అంది. అరవలేదు. పక్కింటి కుర్రాడితో అన్నట్టు మామూలుగా అంది. మా ప్రాంతం పిల్లలు పలాస స్టేషన్లో రైలెక్కి ఖరగ్‌పూర్, కలకత్తా, మద్రాసు, సూరత్ పోవడం తరతరాలుగా జరుగుతున్నదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకి వాల్చేశాక మరింత పెరిగింది. తల్లి మాట వినకుండా అదృష్టం వెతుక్కుంటూ పోయే కొడుకుని ఉద్దానంలో ఏ ఆడమనిషికీ వేరే పరిచయం చెయ్యనక్కర్లేదు.

ఆ ముసలామె చేత ఆ మాట అనిపించింది కమలాబాయి. తెర మీద తోటరాముడి తల్లి ఆమే. 1951 మార్చి 15న విజయా వారి ‘పాతాళభైరవి’ వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లే కెమెరా. అందరికీ గుర్తుండేది ఎన్.టి. రామారావు పౌరుషం, ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు. రంగారావు మాంత్రికుడి మాట చూడండి. ప్రతి అక్షరాన్నీ నోట్లో తిప్పి, బరువు పెట్టి వదులుతాడు. అది రంగస్థలం గొంతే, సొగసుగా పెద్దదైన రంగస్థలం గొంతు. రాజు వేషంలో సి.ఎస్.ఆర్. మాట కూడా నాటకం నుంచి నడిచి వచ్చినదే. ఈ పెద్ద గొంతుల మధ్య ఒక్క తోటమాలి ఇంటి తల్లి మాత్రం ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. రంగస్థలం మీద పుట్టిన మనిషి ఆవిడ! సినిమాలో ఉన్న అందరిలోకీ నాటకానికి దగ్గరి చుట్టం ఆమే. నాటకాన్ని పూర్తిగా దించేసినది కూడా ఆమే.

దించేసినా, విరగ్గొట్టలేదు. పలాసలో వేడి చేసిన జీడిపప్పు మీది ఎర్ర పొట్టుని చాకుతో లాగేటప్పుడు గుండు విరిగితే ధర పడిపోతుంది. అందుకే తీసే చెయ్యి పొట్టుని పట్టుకుంటుంది గాని పప్పుని నొక్కదు. కమలాబాయి మాట నుంచి రాగాన్ని తీసిన పద్ధతి అచ్చం అలాంటిది. రాగం పోయింది, మాట గుండుగా ఉంది. అచ్చులు చెక్కుచెదరలేదు, దీర్ఘాలు దీర్ఘాలుగానే నిలిచాయి. ఎక్కడ ఊపిరి పట్టాలో ఆ పాత లెక్క లోపల నడుస్తూనే ఉంది. అందుకే ఆమె మాట నెమ్మదిగా ఉన్నా నేల క్లాసు చివరి వరసకి అందుతుంది. దగ్గరగా మాట్లాడటం వేరు, మెల్లగా మాట్లాడటం వేరు. ఈ తేడా పట్టని తరవాతి తరం తల్లులు చాలామంది దగ్గరితనం కోసం గొణిగారు, లేదా బాధ కోసం ఏడ్చారు. ఆమె రెండూ చెయ్యలేదు.

ఇంకొకటి. ఆ సినిమాలో ఆమెకి పాట లేదు. ఘంటసాల సంగీతం, ఘంటసాల, లీల పాడిన పాటలు, తెలుగువాళ్ళు డెబ్బై ఏళ్ళుగా పాడుకుంటున్నవి, వాటిలో ఒక్కటి కూడా ఆమె పాత్రకి రాలేదు. తెలుగు టాకీ తొలి నాయికగా పాడిన నోటికి, మనం ఇవాళ ఆమెని చూడగలిగిన పేరున్న చిత్రంలో పాట లేదు. మొదట ఈ సంగతి నాకు బాధ కలిగించింది. ఆలోచించగా ఆలోచించగా, ఆమె కళకి ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదనిపించింది. వాచికంలో పుట్టిన మనిషిని వాచికం తక్కువైన చోట పెట్టారు. ఆమె సాత్త్వికంతో నిండింది. కొడుకు మాట్లాడుతుంటే ఆమె వినే తీరు చూడండి. వినడాన్ని నటించడం కష్టం. మన తరవాతి మాట కోసం కాచుకున్నట్టు కనిపిస్తే జనానికి తెలిసిపోతుంది. ఆమె అలా కాచుకోదు. వింటుంది, విన్నది ముఖంలోకి కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యంలో తల్లి ఉంటుంది. పేదరికంలో పెరిగిన కొడుకు రాకుమారిని తలుచుకుంటే తల్లికి ముందు గర్వం రాదు, దిగులు వస్తుంది. ఆ క్రమం ఆమె ముఖంలో తప్పదు.

గుడిసె, మేడ, మళ్ళీ గుడిసె. కథలో ఆమె దారి అలా సాగుతుంది. భైరవి వరంతో మేడ లేచినప్పుడు, మాంత్రికుడు కాజేసిన తరవాత మేడా కాబోయే కోడలూ మాయమైనప్పుడు, అంతా మాయల పని. సురభి డేరాలో ‘మాయాబజార్’ మాయల మధ్య పెరిగిన మనిషికి మాయలో ఎలా నిలబడాలో బాగా తెలుసు. కొత్తవాళ్ళు మాయ ముందు నోరు తెరిచి ఆశ్చర్యపోతారు. సురభి పిల్లకి తాడు ఎవరు లాగుతున్నారో తెలుసు, కనక ఆశ్చర్యం ఆమెకి వేషం కాదు, క్రమశిక్షణ. మేడలో ఆమె భుజాలు పూర్తిగా విచ్చుకోవు. పట్టు కట్టినా నడకలో తోటమాలి ఇల్లు ఉంటుంది. ఇది ఎంత సూక్ష్మమైన పని! ధనవంతురాలైన బీద తల్లిని మనం సినిమాల్లో వందసార్లు చూశాం. ఆ తల్లులు మేడలోకి రాగానే రాజమాతలైపోతారు. ఆమె కాలేదు. అందుకే మేడ పోయినప్పుడు ఆమె పడిన బాధలో మేడ కోసం ఏడుపు లేదు, కొడుకు కోసం ఉంది.

లీలావతి దగ్గర మొదలై తోటరాముడి తల్లి దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ కొడుకుల్ని ప్రమాదంలోకి పోనిచ్చిన తల్లులే. ఒకరు దేవుణ్ణి నమ్మిన కొడుకు తల్లి, ఇంకొకరు సాహసాన్ని నమ్మిన కొడుకు తల్లి. ఆ మధ్యలో నటి గొంతు లోకాన్నే మార్చుకుంది. అది ఎవరూ నేర్పిన విద్య కాదు. దర్శకుడు చెప్పి చేయించింది కూడా కాదని నా నమ్మకం. కె.వి. రెడ్డి మంచి దర్శకుడు, కానీ ఒక నటి కంఠంలో ఇరవై ఏళ్ళ పని ఒక దర్శకుడి చేతిలో లేదు.

తరవాతి తల్లుల పక్కన ఆమెని పెట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పండరీబాయి తల్లి వేరు. ఆమె కన్నీటికి ఒక శుభ్రత ఉంది. నిర్మలమ్మ తల్లి వేరు. ఆమె మాటలో పల్లె చమత్కారం ఉంది. వాళ్ళిద్దరూ గొప్పవాళ్ళే. కమలాబాయి వాళ్ళకి ముందు వచ్చినందువల్ల కాదు నేను ఆమెని ప్రేమించేది. ఆ ఇద్దరికీ సినిమా తల్లి ఎలా ఉండాలో చూపించే సినిమాలు అప్పటికే ఉన్నాయి. ఆమెకి లేవు. రంగస్థలం మీద తల్లి ఎలా ఏడుస్తుందో తెలుసు. సినిమాలో తల్లి ఎలా ఊరుకుంటుందో ఆమే వెతికి పట్టుకుంది.

‘పాతాళభైరవి’ ఎన్నిసార్లో చూసినవాళ్ళు ఉన్నారు. ఎవరెవరు చూశారని అడిగితే మా వైపు చెయ్యెత్తని మనిషి ఉండడు. ఈసారి చూసినప్పుడు రామారావునీ రంగారావునీ కాసేపు వాళ్ళ మానాన వదిలేసి, గుడిసెలో తల్లీ కొడుకులు మాట్లాడుకునే చోట కొడుకు వాక్యం ముగిశాక ఆమె ఎంత సేపటికి నోరు తెరుస్తుందో గమనించండి. ఆ వ్యవధి ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొడుకు అబద్ధం చెప్పినప్పుడు ఒక రకం, ఆశపడ్డప్పుడు ఒక రకం, వెళ్ళిపోతానన్నప్పుడు ఇంకో రకం.